రెండంగుళాల మునక

నీళ్ళు మనిషిని రెండే రెండు విధాలుగా బాధపెట్టగలవని సముద్రానికి దగ్గర్లో ఉన్న ఆ ఎరువుల కర్మాగారం ఏనాడో తేల్చేసింది. ఒకటి, మనిషి నీళ్ళలో మునగవచ్చు. రెండు, తడి నేల మీద జారిపడవచ్చు. మూడో విధం లేదు. ప్రమాద నివేదిక పత్రంలో ఏడో గడి కింద ఈ సంగతి అచ్చువేసి మరీ ఉంది. అచ్చులో ఉన్నదాన్ని కాదనే అలవాటు ఆ కర్మాగారంలో ఎవరికీ లేదు.

మూడో విధం ఒకటుందని దాలినాయుడికి తెలుసు. పద్దెనిమిదేళ్ళుగా అతను అక్కడ జెట్టింగ్ ముఠాకి మేస్త్రీ. రసాయనాలు పారే గొట్టాల్లో కొన్నాళ్ళకి మడ్డి పేరుకుని రాయి కట్టేస్తుంది. సుత్తికీ ఉలికీ లొంగని ఆ మడ్డిని నీళ్ళతో కోసి తీయడం వాళ్ళ పని. కోయడమంటే మాటవరసకి అనడం కాదు. పంపులోంచి వచ్చే నీళ్ళు గన్ చివర ఉన్న ఆవగింజంత రంధ్రంలోంచి వెయ్యి బార్ల ఒత్తిడితో బయటికొస్తాయి. వీధి కొళాయిలో రెండు బార్లొస్తే ఆ వీధివాళ్ళు పెట్టి పుట్టినవాళ్ళు. ఈ వెయ్యి బార్ల నీళ్ళు ఇటుకని కోస్తాయి, తోలు బూటుని కోస్తాయి, బూటులో కాలుంటే దాన్ని కూడా వదలవు.

అందుకే గన్ పట్టుకున్నవాడి కాలి కింద ఒక పెడల్ ఉంటుంది. తొక్కి ఉంచితే ఒత్తిడి వస్తుంది, కాలు తీసేస్తే పోతుంది. ఆ పెడల్ స్ప్రింగు విరిగి ఏడు నెలలయింది. కాలు తీసినా అది పైకి లేవదు. బూటు మొనతో తన్ని లేపాలి. కొత్తది కావాలని దాలినాయుడు నాలుగు సార్లు అర్జీ పెట్టుకున్నాడు. నాలుగు సార్లూ "పరిశీలనలో ఉన్నది" అని జవాబొచ్చింది. ఏడు నెలలపాటు ఒక స్ప్రింగుని పరిశీలించగల ఓపిక పెద్ద ఆఫీసులకే ఉంటుంది.

ఆ సోమవారం పదకొండింటికి గన్ మైలపల్లి పోలయ్య చేతిలో ఉంది. పోలయ్య బెస్తవాడు. నడక నేర్చిన ఏడే ఈత నేర్చాడు. పొద్దున ఫ్యాక్టరీ, సాయంత్రం ఇంటి అరుగు మీద వల అల్లడం. ఆ ఊళ్ళో వల ముడులకి అతని చెయ్యి పెట్టింది పేరు. గొట్టంలోకి దూర్చిన జెట్టు ఎందుకో వెనక్కి తన్నింది. పోలయ్య కాలు తీశాడు. కాలు లేచింది గాని పెడల్ లేవలేదు. నీటిధార అతని ఎడమచేతి చూపుడు వేలి మొదట్లో అలా తాకి, ఇలా పోయింది.

"ఏటీ నేదు మేస్త్రీ, సూదిమొన గుచ్చినట్టయినాది," అన్నాడు పోలయ్య, చేతి తొడుగు తీసి చూసుకుంటూ. నిజంగానే అక్కడ చిన్న చిల్లు. రక్తం కూడా ఒక్క బొట్టే.

దాలినాయుడు మాత్రం ఆ మాట నమ్మలేదు. పంపుతో పాటు వచ్చిన కార్డొకటి అతని జేబులో పద్దెనిమిదేళ్ళుగా చెమటకి తడిసి ఆరుతూ ఉంది. "గాయం చిన్నదిగా కనబడును. మోసపోవద్దు. లోపల నీరు, మురికి దూరంగా పాకి ఉండును. వెంటనే శస్త్రచికిత్స అవసరము." అందులోని అక్షరాలు చెరిగిపోయినా అతనికి నోటికొచ్చు. పోలయ్యని రెక్క పుచ్చుకుని ప్రథమ చికిత్స గదికి పరిగెత్తించాడు. గుమ్మం ఎక్కుతూనే కేకపెట్టాడు.

"కొంప మునిగిపోనాదమ్మా! బేగి అంబులెన్సు పిలవండి!"

ఆ గదిలో నివేదికలు రాసే తాయారమ్మగారు కలం మూత తీశారు. ఆవిడ మంచి మనిషి. పోలయ్య చెయ్యి చూసి, అప్పటికే పూరీలా పొంగుతున్న అరచేతిని చూసి, పత్రం ముందుకు లాక్కున్నారు.

"నాయుడుగారూ, దేనివల్ల అయింది?"

"నీళ్ళమ్మా."

"నీళ్ళ కింద రెండే ఉన్నాయి. మునుగుట, జారిపడుట. జారిపడుట అని రాస్తే సొంత అజాగ్రత్త కిందికి వస్తుంది. దూదీ, అయోడినూ ఇస్తారు. అంబులెన్సు రాదు."

"సెయ్యిలోకి నీళ్ళు దూరిపోనాయమ్మా! లోపలంతా కోసేసుంటాది. కోసుట అన్న గడి నేదా?"

"కోసుట యంత్రాల కింద ఉంది. యంత్రం తగిలిందా?"

"నేదు. నీళ్ళే తగిలినాయి."

"మరి!" అన్నారావిడ, తప్పు తనది కానట్టు. పోలయ్య చేతికేసి ఇంకోసారి చూశారు. వేలు నల్లబడుతోంది. ఆవిడ గొంతు తగ్గించి అడిగారు: "మీరు గుమ్మం ఎక్కుతూ ఏమన్నారు?"

"ఏటన్నాను?"

"మునిగిపోయింది అన్నారు. నేను విన్నాను. ప్రత్యక్ష సాక్షి అన్నమాటే నేను రాస్తాను. మునకకి అంబులెన్సు అయిదు నిమిషాల్లో రావాలని రూలు."

 అబద్ధం దాలినాయుడికి కొత్త. కాని పోలయ్య పళ్ళు బిగపట్టి గోడకి ఆనుకున్నాడు.

"రాసేయండమ్మా," అన్నాడు.

"నీటి లోతు?"

జెట్టింగ్ చేసే గచ్చు మీద నిలిచే నీళ్ళు అతనికి గుర్తొచ్చాయి. "రెండంగులాలు."

"బాధితుడికి ఈత వచ్చునా?"

"సముద్రంలో పుట్టినోడమ్మా."

"వచ్చును," అని రాసుకున్నారు తాయారమ్మగారు. ఈత వచ్చినవాడు రెండంగుళాల నీళ్ళలో మునిగినట్టు సంతకంతో సహా నమోదయింది. అంబులెన్సు నాలుగు నిమిషాల్లో వచ్చింది.

ఆసుపత్రిలో చెయ్యి కోసి, కడిగి, మళ్ళీ కుట్టారు. చూపుడు వేలు దక్కలేదు. "ఇంకో మూడు గంటలు ఆగి ఉంటే చెయ్యే తీసేయాల్సి వచ్చేది," అన్నాడు డాక్టరు. దాలినాయుడు ఆ మాట విని వరండాలోకొచ్చి కూర్చుని ఏడ్చాడు. వేలు పోయినందుకా, చెయ్యి మిగిలినందుకా అన్నది అతనికే తెలియలేదు.

మూడోరోజున విచారణ సంఘం వచ్చింది. దానికి అధ్యక్షుడు భద్రతాధికారి ఆనందభూషణ్ గారు. ఆయన మాట్లాడితే ఆఫీసు ఉత్తరం చదివినట్టుంటుంది.

"సదరు కార్మికుడు సదరు జలమునందు మునుగుటకు దారితీసిన పరిస్థితులను కూలంకషంగా పరిశీలించవలసి ఉన్నది. మునిగిన స్థలం చూపించు."

దాలినాయుడు గచ్చు చూపించాడు. అది ఎండలో పెళపెళలాడుతోంది.

"నీరెక్కడ?"

"ఇంకిపోనాదండి."

"అనగా ప్రమాదానంతరం నీరు తప్పించుకున్నది," అన్నారు ఆనందభూషణ్ గారు. పక్కనున్న గుమాస్తా అది రాసుకున్నాడు.

దాలినాయుడు ధైర్యం చేసి పెడల్ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు. కాలితో తొక్కి, తీసి చూపించాడు. పెడల్ లేవలేదు. "ఇదండి బాబూ కారణం. స్ప్రింగు పోయి ఏడు నెలలయినాది. ఇది మార్చండి చాలు."

"మునకకూ దీనికీ సంబంధమేమి?"

"బాబూ, ఆడు మునగనేదండి. నీళ్ళు కోసేసినాయండి."

ఆనందభూషణ్ గారు సంఘం కోసం అక్కడ వేసిన బల్ల మీదున్న గ్లాసు అందుకున్నారు. అందులోని నీళ్ళలో తన చూపుడు వేలు ముంచారు. సంఘ సభ్యులు ముందుకి వంగి చూశారు. ఆయన నెమ్మదిగా వంద దాకా లెక్కపెట్టి వేలు తీసి, తుడుచుకుని, అందరికీ చూపించారు.

"ఉన్నదా?"

"ఉన్నదండి," అన్నారు సభ్యులు.

"ప్రయోగపూర్వకంగా నిరూపితమైనది," అని ఆ నీళ్ళు తాగేశారు. తరువాత దాలినాయుడికేసి జాలిగా చూశారు. "నాయుడూ, అతడు మునగలేదంటున్నావు. అంటే మొదటి వాంగ్మూలం అబద్ధమన్నమాట. అబద్ధపు వాంగ్మూలంతో అంబులెన్సు పిలిపించినట్లయితే ఆ వైద్యం చెల్లదు. పోలయ్యను ఆసుపత్రి నుంచి పంపించి వేయవలసి వస్తుంది. మునిగాడా, మునగలేదా?"

పోలయ్య చేతికి ఇంకా రెండో కోత ఉందని డాక్టరు చెప్పాడు. దాలినాయుడు నీళ్ళు నమిలాడు.

"మునిగాడండి," అన్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. కాని ఆసుపత్రి నుంచి వచ్చిన కాగితంలో వేలు తీసేసినట్టు ఉంది. మునిగినవాడికి వేలెలా పోయిందని పై ఆఫీసు ప్రశ్న వేసింది. సంఘం రెండు రోజులు కూర్చుంది. నీళ్ళు కోయవు, అది నిరూపితమే. యంత్రం తగల్లేదు, అది సాక్షి మాట. ఇక నీళ్ళలో ఉండి వేలు కొరకగలిగింది ఏమిటి? కర్మాగారానికి నీళ్ళు సముద్రం పక్క కాలువలోంచే వస్తాయని ఒక సభ్యుడు గుర్తుచేశాడు. దాంతో అందరి మొహాలూ వెలిగాయి.

"జలచరము కొరికి ఉండవచ్చునని సంఘం అభిప్రాయపడుతున్నది" అని నివేదికలో చేరింది. పై ఆఫీసు సంతృప్తి చెందింది.

ఈ సంగతి పోలయ్య పేటకి చేరేసరికి అతను ఇంటికొచ్చి వారమయింది. భార్య నూకాలు చేపల గంప దించి, నడుం మీద చేతులు పెట్టుకుని దాలినాయుణ్ణి నిలదీసింది.

"ఏటి నాయుడు బాబూ! మా ఇంటాయన సేపల్ని తిన్నాడు గాని, సేప మా ఇంటాయన్ని తినడవేటి? పేటంతా నవ్వుతున్నారు. రెండంగులాల నీళ్ళలో మునిగిన బెస్తోడని నా బిడ్డల్ని బళ్ళో ఎక్కిరిస్తన్నారు!"

పోలయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో సగం అల్లిన వల ఉంది. ముడి వేయబోతే దారం పట్టే వేలు లేదు. "ఒగ్గేయే," అన్నాడు భార్యతో. "మేస్త్రీ అలగ రాయించకపోతే ఈ సెయ్యే నేకపోయేది." మళ్ళీ తనే అన్నాడు: "కాని మేస్త్రీ, నీళ్ళు కోసినాయని ఒక్కడైనా రాస్తే బాగుణ్ణు. సేప అనీసినారు సూడు, అదే నాకు ఏలు పోయినదాని కంటే బాధగున్నాది."



మర్నాటి నుంచి కర్మాగారంలో నివారణ చర్యలు మొదలయ్యాయి. జెట్టింగ్ ముఠాలో ఆరుగురికీ నారింజ రంగు తేలుడు కోట్లు ఇచ్చారు. అవి తొడుక్కుంటే గన్ భుజానికి ఆనదు. అయినా తొడుక్కోవాలి. గచ్చు పక్కన ఎత్తయిన కుర్చీ వేసి, మెడలో ఈల కట్టిన గజ ఈతగాణ్ణి కూర్చోబెట్టారు. "ఈత రానివారికి ప్రవేశం లేదు" అని ఒక బోర్డు, "చేపలున్నవి, జాగ్రత్త" అని ఇంకో బోర్డు వెలిశాయి. ఎవరో ఉద్యోగి ఆ రెండో బోర్డు కింద గేలం వేసుకుని కూర్చున్నాడని వార్త పుట్టింది గాని, అది నిజం కాదు.

అందరికీ ఆఫీసర్ల క్లబ్బు కొలనులో ఈత పరీక్ష పెట్టారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఇద్దరు రెండు చేతులూ కొట్టుకుంటూ అవతలి గట్టు పట్టుకుని ప్యాసయ్యారు. పోలయ్య కట్టు తడవకూడదు కాబట్టి నీళ్ళలోకి దిగలేదు. "అనుత్తీర్ణుడు, ఈత రాదు" అని అతని కార్డు మీద ముద్ర పడింది. అలా కడలిలో పుట్టిన మనిషి నీటిపనికి అనర్హుడయ్యాడు. అతన్ని సామాన్ల గది గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు.

ఈలోగా పెద్ద గొట్టాల కట్ట శుభ్రం చేసే తేదీ దగ్గరపడింది. ఇంకా పన్నెండు రోజులే. పోలయ్య లేడు కాబట్టి గన్ ఎవరో ఒకరు పట్టాలి. పెడల్ అలాగే ఉంది. ముఠాలో అందరూ పిల్లలు గలవాళ్ళు. ఎవరిని పంపినా అతని వేళ్ళే కళ్ళముందు కనబడతాయని దాలినాయుడికి అనిపించింది. తనే గన్ పట్టుకుందామని ఒకసారి అనుకున్నాడు. అప్పుడే అతనికి తాయారమ్మగారి గడులు గుర్తొచ్చాయి. ఈ ఆఫీసుకి నీటి కోత తెలియదు, మునక తెలుసు. తెలిసిన భాషలోనే అడిగితే?

తాయారమ్మగారి దగ్గరే కూర్చుని అయిదో అర్జీ రాయించాడు. "మునక నివారణ నిమిత్తం, కాలితో తొక్కు పరికరం ఒకటి, అత్యవసరముగా కావలెను."

నాలుగు అర్జీలని ఏడు నెలల పాటు పరిశీలించిన ఆఫీసు దీన్ని ఒక్క పూటలో మంజూరు చేసింది. ఆనందభూషణ్ గారు స్వయంగా పిలిచి భుజం తట్టారు. "ఇప్పటికి నీకు భద్రతాస్పృహ కలిగింది నాయుడూ."

దాలినాయుడు ఆ సంతోషంలో సరాసరి పోలయ్య ఇంటికెళ్ళి చెప్పాడు. నూకాలు మొదటిసారి నవ్వి, అతనికి వేయించిన నెత్తళ్ళ చేపలు పెట్టింది.

అయిదోరోజున లారీ వచ్చింది. నలుగురు పట్టి దింపారు. చుట్టిన గడ్డి తీశారు. లోపల తెల్లటి హంస ఉంది. పొడుగు మెడ, ఎర్ర ముక్కు, వీపు మీద రెండు సీట్లు. పార్కుల్లో చెరువుల్లో జంటలు తొక్కుకుంటూ తిరిగే పడవ. సీట్ల కింద నాలుగు పెడళ్ళు, కొత్తవి, తళతళ మెరుస్తున్నాయి.

"కాలితో తొక్కునది," అన్నారు ఆనందభూషణ్ గారు తృప్తిగా. "మునక నివారించునది. నువ్వు ఒకటి అడిగావు, నేను రెండు సీట్లది తెప్పించాను."

దాలినాయుడు ఆ పెడళ్ళలో ఒకదాని మీద చెయ్యి వేసి తిప్పి చూశాడు. ఎంత మెత్తగా లేచిందో! అతనికి నవ్వొచ్చింది, తరువాత నవ్వినందుకు సిగ్గేసింది.

జలభద్రతా వారోత్సవాలకి జనరల్ మేనేజరు వచ్చారు. ఎండిన గచ్చు మధ్యన హంసని నిలిపి, మెడలో బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. ఉద్యోగులందర్నీ బారులు తీర్చారు. చివరి వరసలో నాలుగు వేళ్ళ చెయ్యి జేబులో పెట్టుకుని పోలయ్య నిలబడ్డాడు. ఉపన్యాసాలయ్యాక ఆనందభూషణ్ గారు తేలుడు కోటు తొడుక్కుని, ఫోటో కోసం గన్ తన చేతికివ్వమన్నారు.

"వద్దండి బాబూ," అన్నాడు దాలినాయుడు. "పెడల్ బాగోనేదు. ఒదిలితే ఆగదు."

"ఆగకపోతే ఏం మునిగిపోతుంది? నీళ్ళే కదా!"

జనరల్ మేనేజరు నవ్వారు. ఆయన నవ్వితే అది ఉత్తర్వు కింద లెక్క. పంపు వేయనంటే ఇంకొకడు వేస్తాడని దాలినాయుడికి తెలుసు. అందుకని జనాన్ని అందర్నీ పదిహేను గజాలు వెనక్కి, తాడు అవతలికి నెట్టాడు. "ఎవరైనా తాడు దాటితే నాను పంపు వెయ్యను," అన్నాడు. ఆఫీసరుగారి రెండు చేతులూ గన్ మీద బిగించి, ఎడమచెయ్యి ముందుకి రాకుండా చూపించి, గన్ మొనని ఖాళీ గోడవైపు తిప్పించాడు. పరుగున వెళ్ళి పంపు స్విచ్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

ఆనందభూషణ్ గారు పెడల్ తొక్కారు. వెయ్యి బార్ల నీళ్ళు తన్నిన తన్నుకి ఆయన మూడడుగులు వెనక్కి వెళ్ళి, గన్ వదలకుండా గిర్రున తిరిగారు. పెడల్ మీంచి కాలెప్పుడో పోయింది. పెడల్ మాత్రం లేవలేదు. ధార గోడ మీంచి జారి, హంస మెడ మీదుగా, సొరకాయ తరిగినంత సుళువుగా నడిచింది. తల, ముక్కు, బంతిపూల దండ కలిసి ఎగిరి, తాడు అవతల జనరల్ మేనేజరు కుర్చీ ముందు పడ్డాయి. అప్పటికే దాలినాయుడు స్విచ్ ఆపేశాడు. నాలుగు సెకన్లు పట్టిందేమో. ఆ నాలుగు సెకన్లలో గజ ఈతగాడు ఈల వేస్తూనే ఉన్నాడు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆనందభూషణ్ గారు కిందపడి తన వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు లెక్కపెట్టుకున్నారు.

హంస కర్మాగారం ఆస్తి. ఆస్తికి నష్టం జరిగితే దానికి వేరే పత్రం ఉంది. అందులో గడులు లేవు, ఖాళీ పేజీ ఉంది. జరిగింది జరిగినట్టు రాయాలి. పై ఆఫీసు నుంచి ఇంజనీర్లు ముగ్గురు వచ్చారు. కొలతలు తీసుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. పెడల్ తొక్కి, కాలు తీసి, తలలు ఊపారు. నాలుగోనాటికి కొత్త పెడల్ వచ్చింది. ఆ మర్నాడు గొట్టాల కట్ట పని మొదలయింది. కాలు తీసిన మరుక్షణం నీళ్ళు ఆగిపోయాయి. దాలినాయుడు అది పదిసార్లు తొక్కి చూశాడు, పదిసార్లూ ఆగాయి.

ఆ నివేదిక నకలు సామాన్ల గదికి వచ్చింది, విరిగిన పడవని అక్కడ పడేశారు కాబట్టి. పోలయ్య దాన్ని మేస్త్రీ చేతికిచ్చాడు. "సదువు మేస్త్రీ."

దాలినాయుడు వేలు పెట్టి చదివాడు. "పెడలు స్ప్రింగు విరిగి ఉన్నందున ఒత్తిడి ఆగక, అధిక పీడన నీటిధార తగిలి, మెడ తెగినది."

"మళ్ళీ సదువు."

మళ్ళీ చదివాడు.

"నీళ్ళు కోసినాయని రాసినారా?"

"రాసినారు."

"నా కాగితంలో?"

దాలినాయుడు తల అడ్డంగా ఊపాడు. పోలయ్య రికార్డుని ఆఫీసువాళ్ళు ఎప్పుడో మూసేశారు. అందులో అతను మునిగినవాడే, అతన్ని చేప కొరికినట్టే, అతనికి ఈత రానట్టే.

పోలయ్య లేచి మూల పడున్న హంస దగ్గరికెళ్ళాడు. తెగిన మెడ అంచు మీద నాలుగు వేళ్ళతో నెమ్మదిగా నిమిరాడు. కోత ఎంత నున్నగా ఉందో చూసుకున్నాడు.

"అదురుష్టమంటే నీదేనే తల్లీ," అన్నాడు దానితో. "నిన్ను సేప కొరకనేదు."